నీళ్ల కింది పందెం గట్టు మీది వాళ్లకు ఎలా చూపించాలి? జలాంతర్గామి పోటీలు చూసినవారి అనుభవాలు కావాలి

హనుమకొండ_జలజట్టు:
మేము ఆరుగురం కలిసి ఇక్కడి బడిపిల్లలతో చిన్న జలాంతర్గాములు చేయిస్తున్నాం. పీవీసీ గొట్టం, 12 వోల్టుల మోటారు, వెనుక ప్రొపెల్లర్. పోయిన వేసవిలో ఒక ఈతకొలనులో మొదటి పోటీ పెట్టాం. వంద మందికి పైగా వచ్చారు, పావుగంట తిరక్కుండానే సగం మంది లేచి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టలేను. ఈ ఒడ్డున మునిగిన గొట్టం ఆ ఒడ్డున తేలేదాకా వాళ్లు చూసింది ఉత్త నీళ్లే. ఎనిమిదో తరగతి అమ్మాయి గెలిచింది, గెలిచినట్టు ఎవరికీ తెలియలేదు. చప్పట్ల కోసం ఆ పిల్ల నలువైపులా చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఇలాంటి పోటీలు చూసినవారు, నడిపినవారు ఉంటే చెప్పండి.

కాజీపేట_ప్రవాసి:
మా అక్క కొడుకు ఒక జట్టులో ఉండడం వల్ల అమెరికాలో, మేరీలాండ్‌లోని కార్డెరాక్‌లో జరిగే అంతర్జాతీయ జలాంతర్గామి పందేలు ఒకసారి చూశాను. 1989లో ఫ్లోరిడా తీరాన సముద్రంలో మొదలైన పోటీ అది. 1995లో కార్డెరాక్‌కు, నౌకాదళం ఓడల నమూనాలను పరీక్షించే పొడవాటి కొలనుకు మారింది. అక్కడ మోటారు ఉండదు. మనిషి లోపల పడుకుని పెడళ్లు తొక్కాలి. ఆ జలాంతర్గామి లోపల పొడిగా కూడా ఉండదు, నీళ్లు నిండే ఉంటాయి. నడిపేవారు సిలిండర్ గాలి పీల్చుకుంటూ తొక్కుతారు.

రెండు పక్కపక్కన పరుగెత్తవు, ఒక్కొక్కటే వెళ్తుంది, పోటీ అంతా గడియారంతోనే. 2007లో మాంట్రియల్ విద్యార్థుల ‘ఓమర్ 5’ 8.035 నాట్ల వేగం అందుకుంది. గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. వినడానికి సైకిలు వేగమే, కానీ చుట్టూ ఉన్నది గాలి కాదు, నీళ్లు. ఆ వేగంతో వంద మీటర్లు పాతిక సెకన్లలో అయిపోతాయి. ఆ కాస్త సమయం కోసం ఎంతసేపు కూర్చున్నామో లెక్కలేదు. తలుపు సరిగా పడదు, ఈతగాళ్లు మళ్లీ వెనక్కి తీసుకొస్తారు, గొలుసు జారుతుంది.

నడిపేవారి చేతిలో ఒక పిడి ఉంటుంది. దాన్ని వదిలితే, తాడు కట్టిన తేలే గుర్తు ఒకటి పైకి లేస్తుంది, ఈతగాళ్లు దూకుతారు. మా అక్క నీళ్ల కింది దృశ్యం చూపే తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ గుర్తు పైకి రాకూడదని నీళ్ల మీదే చూపు నిలిపి కూర్చుంది. పక్కన ఉన్న నాకు అసలు పందెం ఆమె ముఖంలోనే కనిపించింది. ఏం ప్రమాదం, ఏం చూడాలి అన్నది ప్రేక్షకులకు ముందే చెప్పండి తమ్ముడూ, కదలరు.

పాకాల_గట్టు:
నా వయసు అరవై దాటింది. నర్సంపేట వైపు మా ఊళ్లో మోటబావి ఉండేది. ఎండాకాలం పిల్లలం ఈ దరి నుంచి మునిగి, ఎవరం ఎక్కడ తేలుతామో పందెం వేసుకునేవాళ్లం. ఊరు సగం గట్టు మీదే. నీళ్లలో ఏమీ కనిపించదు, బుడగలు తప్ప. మెట్ల మీద ఒక పెద్దాయన గట్టిగా అంకెలు లెక్కపెట్టేవాడు. ఇరవై దాటితే మాటలు ఆగిపోయేవి, ముప్పై దాటితే ఆడవాళ్లు లేచి నిలబడేవాళ్లు. తల తేలగానే వచ్చే కేక పక్క చేను దాకా వినబడేది. కనిపించకపోవడం లోపం అనుకోకండి బాబూ. లెక్కపెట్టే గొంతు ఉండాలి, అంతే.

ఖని_వైర్‌మన్:
పెద్దాయన మాట నిజమే అయినా కొలనులో కెమెరా పెట్టకపోవడం అన్యాయం. చెరువు అయితే వేరు, ఒండ్రు నీళ్లలో మూరెడు దూరం కూడా కనిపించదు. కొలను నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి తీగతో కెమెరా దించి తెరకు కలపండి. వైఫై కెమెరా కొనకండి, ఆ తరంగాలను నీళ్లు కొద్ది సెంటీమీటర్లలోనే మింగేస్తాయి. కొత్త బొమ్మ కార్ల రిమోట్లు మునగగానే పని మానేసేది కూడా అందుకే.

నేను చేసి చూసిన పని ఒకటి చెబుతాను. గడియారాల్లో కూత పెట్టే పీజో బిళ్ల ఉంటుంది కదా, దానికి తీగ అతికి, నీరు చొరకుండా ఎపాక్సీ పోసి కొలనులోకి దించి, ఆంప్లిఫయర్‌కు కలిపాను. నీళ్లలో ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లు పైనే. ప్రొపెల్లర్ రొద స్పీకరులో స్పష్టంగా వచ్చింది. దగ్గరికి వస్తున్న కొద్దీ పెరుగుతుంది, ఎవరి మోటారు నీరసిస్తోందో చెవికే తెలుస్తుంది. కరెంటు పెట్టెలన్నీ కొలనుకు దూరంగా ఉంచండి, నీళ్లలోకి దిగే ప్రతిదీ బ్యాటరీ మీదే నడవాలి. ఇందులో రాజీ వద్దు.

కరీంనగర్_అమ్మ:
విశాఖలో ప్రదర్శనకు పెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిని చూసినప్పుడు మా బాబు కిటికీ ఎక్కడని వెతికాడు. లేదని, నీళ్ల కింద చుట్టూ ఏముందో లోపలివాళ్లు ఎక్కువగా చప్పుళ్లను బట్టే తెలుసుకుంటారని చెబితే ఆశ్చర్యపోయాడు. స్పీకరు తప్పకుండా పెట్టండి. దానితోపాటు ప్రతి గొట్టానికీ దారంతో రంగు థర్మాకోల్ ముక్క కట్టండి. మా పిల్లల వస్తువు ఎక్కడుందో మాకు తెలియాలి.

ఖని_వైర్‌మన్:
అమ్మా, ఆ ముక్క వేగం తగ్గిస్తుంది, చుక్కాని కూడా లాగేస్తుంది. అందరికీ ఒకే కొలత ముక్క కడితే మాత్రం అన్యాయం ఉండదు.

పోర్ట్స్‌మత్_ఓరుగల్లు:
ఇంగ్లాండులో గోస్‌పోర్ట్‌లో 2012లో మొదలైన యూరప్ పోటీ నేను చూశాను, అదీ కార్డెరాక్‌లో లాగా మనిషి తొక్కే జలాంతర్గాములదే. అక్కడి కొలను 122 మీటర్ల పొడవు, 61 మీటర్ల వెడల్పు. అంత వెడల్పు ఉంది కాబట్టి తిన్నగా పోవడమే కాదు, మలుపులు కూడా తిరగాలి. నాకు అదే నచ్చింది. సూటి పరుగులో బలం కనిపిస్తుంది, మలుపులో బుద్ధి కనిపిస్తుంది. మీ కొలను చిన్నది కాబట్టి ఒక్క మలుపు పెట్టినా చాలు, వెనక్కి వస్తుందా రాదా అని అందరూ ముందుకు వంగుతారు.

హనుమకొండ_జలజట్టు:
ఆదివారం పోటీ అయింది, అందరికీ ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కెమెరా పనిచేసింది కానీ ఎండలో తెర వెలవెలబోయింది, వచ్చేసారి సాయంత్రం పెడతాం. సగం పరుగులు థర్మాకోల్‌తో, సగం లేకుండా జరిపాం. ముక్క కట్టినప్పుడు జనం దాన్ని చూస్తూ కబుర్లు చెప్పుకున్నారు. అది తీసేసి, స్పీకరు పెట్టి, మా పీటీ మాస్టారు అంకెలు లెక్కపెట్టినప్పుడు కొలను చుట్టూ మాట లేదు. ఒక గొట్టం మలుపు దగ్గర గోడకు ఆనుకుని ఆగిపోయింది. స్పీకరులో మోటారు రొద సన్నబడుతుంటే ఒక ముసలమ్మ ‘తిరుగు బిడ్డా, తిరుగు’ అని పైకే అనేసింది.

పోయిన ఏడాది గెలిచిన అమ్మాయికి ఈసారి మూడో స్థానం, 41 సెకన్లు. ముప్పై ఐదు దాటాక మాస్టారితో పాటు జనమంతా లెక్కపెట్టారు.