ఈఎస్‌పీ32లో రెండు కోర్లకీ పని విడదీసినా కంట్రోల్ లూప్ ఆగుతోంది, ఎందుకు?

ప్రశ్న:
గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లు కోసం దారం చుట్టే మెషిన్‌కి కంట్రోలర్ బోర్డు చేస్తున్నాను. రెండు కోర్ల మైక్రోకంట్రోలర్ చిప్ ఈఎస్‌పీ32, డీసీ మోటారు, అది తిరిగిన లెక్కని పల్సులుగా ఇచ్చే ఎన్‌కోడర్. మోటారు వేగాన్ని సరిచేస్తూ 1 మిల్లీసెకనుకోసారి తిరిగే పీఐడీ టాస్క్‌ని (ఇదే కంట్రోల్ లూప్) కోర్ 1 మీదే నడిచేలా పిన్ చేశాను. వైఫై, ఎంక్యూటీటీ (నెట్‌వర్క్ మెసేజ్‌లు) అన్నీ కోర్ 0 మీదే. లూప్ తిరిగినప్పుడల్లా ఒక పిన్ను టాగుల్ చేసి స్కోప్‌లో చూస్తున్నా. చాలాసేపు గీత గీసినట్టు ఉంటుంది. ఉన్నట్టుండి 40 మిల్లీసెకన్ల దాకా గ్యాప్ వస్తుంది, మోటారు ఒక్క కుదుపు ఇస్తుంది, దారం తెగిపోతుంది. డెలివరీ దగ్గర పడింది, చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో రెండు కోర్ల చిప్ ఎస్‌టీఎం32హెచ్745కి మారిపోమంటారా?

జవాబు:
అప్పుడే బోర్డు మార్చకండి. మెషిన్ నడుస్తుండగా ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) ఏమైనా సేవ్ చేస్తున్నారా?

అడిగినవారు:
అవును సార్. చుట్టిన మీటర్లు, నడిచిన గంటలు నిమిషానికోసారి ఎన్‌వీఎస్‌లో (ఫ్లాష్‌లో చిన్న చిన్న విలువలు దాచే చోటులో) రాస్తున్నాం. కానీ అది కూడా కోర్ 0 పనే కదా?

జవాబు:
కోర్లు రెండున్నా ఫ్లాష్ చిప్ ఒక్కటే. మీ ప్రోగ్రామ్ అందులోంచే కాష్ (మధ్యలో ఉండే చిన్న వేగవంతమైన మెమరీ) ద్వారా నడుస్తుంది. ఫ్లాష్‌లో రాసేటప్పుడు, చెరిపేటప్పుడు దాన్ని చదవడం కుదరదు కాబట్టి ఐడీఎఫ్ (ఈఎస్‌పీ32 సాఫ్ట్‌వేర్ కిట్) రెండు కోర్ల కాష్‌నూ ఆపేస్తుంది. అవతలి కోర్ మీది టాస్కులూ ఆగిపోతాయి. ఐర్యామ్‌లో (చిప్ లోపల కోడ్ ఉంచే ర్యామ్‌లో) ఉన్న ఇంటరప్టులు మాత్రమే నడుస్తాయి. మామూలుగా ఎన్‌వీఎస్ రాసేది కొద్దిగానే. పేజీ నిండి 4 కేబీ సెక్టార్ చెరపాల్సి వచ్చినప్పుడే పదుల మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే మీకు ఎప్పుడో ఒకసారి కనిపిస్తోంది.

ఇక కుదుపు సంగతి. లూప్ ఆగినా ఎన్‌కోడర్ పల్సుల్ని హార్డ్‌వేర్ కౌంటర్ లెక్కపెడుతూనే ఉంటుంది. 40 మిల్లీసెకన్ల తర్వాత లూప్ లేచి, అన్ని పల్సులూ 1 మిల్లీసెకనులోనే వచ్చాయనుకుని లెక్క వేస్తుంది. దానికి వేగం 40 రెట్లు కనిపిస్తుంది, డ్యూటీని (మోటారుకిచ్చే పవర్ పాలుని) ఒక్కసారిగా కిందికి లాగేస్తుంది. దారాన్ని తెంపేది అసలు ఇదే! కాబట్టి ప్రతిసారీ మైక్రోసెకన్ల టైమర్ చదివి, నిజంగా గడిచిన కాలంతోనే భాగించండి. ఇది ఇవాళే చేయండి.

తర్వాత పీఐడీని టాస్క్‌లోంచి తీసి టైమర్ ఇంటరప్టులో పెట్టి, ఐర్యామ్‌లోకి తేవాలి. అది పిలిచే ప్రతి ఫంక్షనూ, మోటారుకి పవర్ పల్సులు ఇచ్చే పీడబ్ల్యూఎమ్ డ్రైవర్‌తో సహా, అక్కడే ఉండాలి. కాన్‌స్టెంట్ టేబుళ్లు డీర్యామ్‌లో (లోపలి డేటా ర్యామ్‌లో) ఉండాలి. ఈఎస్‌పీ32 ఇంటరప్టులో ఫ్లోట్ (దశాంశ సంఖ్యలు) వాడకూడదు కాబట్టి ఫిక్స్‌డ్ పాయింట్‌లో, అంటే పూర్ణాంకాలతో, రాయండి. అంత శ్రమ ఇప్పుడు వద్దనుకుంటే మీటర్ల లెక్క కోసం ఐ2సీ (రెండు వైర్ల లింకు) ఎఫ్‌ర్యామ్ అనే మెమరీ చిప్ ఒకటి పెట్టండి. దానికి చెరపడమనే పనే లేదు.

ఇంకొకరి జవాబు:
హెచ్745లో 480 మెగాహెర్ట్జ్ ఎం7, 240 మెగాహెర్ట్జ్ ఎం4 అని రెండు కోర్లు ఉంటాయి. ఫ్లాష్ రెండు బ్యాంకులు కాబట్టి ఒక్కో కోర్‌కి ఒక్కోటి ఇవ్వొచ్చు, ఒకదాంట్లో రాస్తుంటే రెండోది చదవొచ్చు. కానీ ఎం7కి డేటా కాష్ ఉంది. ఎం4 ర్యామ్‌లో రాసిన కొత్త సెట్‌పాయింట్ (కావాల్సిన వేగం) ఎం7కి కనపడక, కాష్‌లోని పాతదే చదువుతూ కూర్చుంటుంది. ఇద్దరూ పంచుకునే ర్యామ్‌ని ఎంపీయూ (మెమరీ రక్షణ యూనిట్)తో నాన్‌కాషబుల్ చేయాలి, అంటే కాష్‌లోకి రాకుండా చేయాలి. డెలివరీ ముందు ఆ తలనొప్పి మీకెందుకండీ?

అడిగినవారు:
కాలం సరిచేయగానే కుదుపు పోయింది సార్! ఎఫ్‌ర్యామ్ కూడా ఆర్డర్ పెట్టాను. ఇంకో డౌట్: వేగం, ర్యాంప్ (వేగం ఎంత మెల్లగా మారాలో) రెండూ ఒకే స్ట్రక్చర్‌లో కోర్ 0 నుంచి పంపుతున్నా. రాసేటప్పుడు ఇంటరప్టులు ఆపితే సరిపోతుందా?

జవాబు:
సరిపోదు. ఆగేది ఆ కోర్ ఇంటరప్టులే. కోర్ 1 మధ్యలో చదివితే కొత్త వేగం, పాత ర్యాంప్ చేతికొస్తాయి. రెండువైపులా ఒకే పోర్ట్‌మక్స్ స్పిన్‌లాక్ (ఒక కోర్ పట్టుకుంటే రెండోది ఆగే తాళం) తీసుకుని, లోపల కాపీ మాత్రం చేసి వెంటనే వదిలేయండి. ప్రింట్‌ఎఫ్ లాంటివి దాని లోపల అసలొద్దు. అదే స్ట్రక్చర్‌లో ఒక కౌంటర్ కూడా పెట్టి కోర్ 0తో పెంచుతూ ఉండండి. అర సెకను పాటు అది కదలకపోతే కోర్ 1 తనంతట తానే ర్యాంప్ ప్రకారం మోటారు ఆపేయాలి. వైఫై వైపు ఏది హ్యాంగ్ అయినా మెషిన్ దగ్గర చెయ్యి పెట్టే మనిషికి ప్రమాదం రాకూడదు.