జేమ్స్‌టౌన్ ఆకలి చావులు: తప్పు కరువుదా, నాయకులదా?

పాతపటం:
అమెరికాలో ఇంగ్లీషువాళ్ల వలస వర్జీనియా. అక్కడి జేమ్స్‌టౌన్ కోటలో 1609 చలికాలం మొదట్లో దాదాపు 240 మంది ఇంగ్లీషువాళ్లు ఉన్నారు. 1610 మే నాటికి మిగిలింది సుమారు 60 మంది. ఆ ప్రాంతపు సైప్రస్ చెట్ల వలయాలను పరిశీలించినవాళ్లు 1606 నుంచి 1612 దాకా నడిచిన కరువు లాంటిది 770 ఏళ్లలో ఇంకొకటి లేదని తేల్చారు. వానే లేనప్పుడు ఆ చలికాలంలో కోట అధ్యక్షుడైన జార్జ్ పెర్సీని తప్పుపట్టడం న్యాయమేనా?

నదివాలు:
న్యాయమే, కానీ పెర్సీ ఒక్కడి దగ్గర ఆగకూడదు. కరువు అక్కడి పౌహటన్ ప్రజలకూ వచ్చింది. వాళ్ల మొక్కజొన్న మీద ఆధారపడి బతికే కోటలోకి, వాళ్లకే గింజలు చాలని రోజుల్లో, వందల మందిని కొత్తగా దింపింది ఈ వలసను నడిపే, లండన్‌లోని వర్జీనియా కంపెనీ.

1609 జూన్‌లో తొమ్మిది ఓడలు బయల్దేరాయి. కొత్త గవర్నర్ థామస్ గేట్స్, ఓడల దండుకు అధిపతి జార్జ్ సోమర్స్, కెప్టెన్ న్యూపోర్ట్, ముగ్గురూ ఎక్కింది ఒకే ఓడ, సీ వెంచర్. అధికార పత్రాలూ అందులోనే! తుపానుకు అది బెర్ముడా దగ్గర రాళ్లలో ఇరుక్కుపోయింది. మిగతా ఓడల్లో ఆగస్టులో దిగినవాళ్లు, పెర్సీకి ముందు అధ్యక్షుడైన జాన్ స్మిత్ అధికారం ఇక చెల్లదన్నారు. ఆ మాట రాసి ఉన్న కాగితం మాత్రం వాళ్ల దగ్గర లేదు. తిండి కూడబెట్టుకోవాల్సిన రోజులు తగవులతో గడిచాయి.

తర్వాత ఫ్రాన్సిస్ వెస్ట్‌ను గింజల కోసం పటావోమెక్ ప్రజల దగ్గరికి పంపారు. అతని మనుషులు అక్కడ ఇద్దరి తలలు నరికారు, ఓడకు గింజలు ఎక్కించుకున్నారు, కోటకు రాకుండా నేరుగా ఇంగ్లండ్ వెళ్లిపోయారు. దీనికీ వానకూ ఏం సంబంధం?

చింతచెట్టు:
నదివాలు గారూ, వెస్ట్ చేసింది ద్రోహమే, ఒప్పుకుంటాను. కానీ నవంబరులో పౌహటన్ ముట్టడి మొదలయ్యాక కోట దాటితే ప్రాణం పోయేది. గింజల బేరానికి కోట నాయకుల్లో ఒకడైన రాట్‌క్లిఫ్ యాభై మందితో వెళ్తే పదహారు మందే తిరిగొచ్చారు, అతన్ని చిత్రవధ చేసి చంపారు. స్మిత్ ఇంగ్లండ్ వెళ్లిపోకుండా ఉండి ఉంటే అందరూ బతికేవాళ్లని కొందరు అంటారు. నేను నమ్మను. అతనూ బెదిరించి గింజలు తెచ్చినవాడే, ఆ పగే ముట్టడి దాకా వచ్చింది.

నదివాలు:
స్మిత్ విషయంలో మీ మాటే నా మాట. కానీ నది ముఖద్వారం దగ్గర ఇంగ్లీషువాళ్లదే ఇంకో కోట ఉంది, అల్గెర్నాన్ కోట. పెర్సీ మే నెలలో అక్కడికి వెళ్లి చూస్తే, అక్కడి అధికారి జేమ్స్ డేవిస్ మనుషులు కడుపు నిండా తింటున్నారు. పందులకు పీతలు మేపుతున్నారు! ఆ పీతలు వచ్చినా మావాళ్లకు ఎంతో ఆసరా అయ్యేదని పెర్సీయే రాసుకున్నాడు. చలికాలమంతా అటు కబురు తెలుసుకోకపోవడాన్ని నేను క్షమించలేను.

2012లో జేమ్స్‌టౌన్ తవ్వకాల్లో పద్నాలుగేళ్ల పిల్ల పుర్రె దొరికింది. దాని మీద కత్తి గాట్లున్నాయి. చనిపోయాక ఆమె మాంసం కోసుకు తిన్నారని శాస్త్రజ్ఞులు తేల్చారు. అసలు పేరు ఎక్కడా లేదు కాబట్టి జేన్ అని పిలుస్తున్నారు. పీతలున్న ఆ కోట, ఆ పిల్ల ఉన్న నదికే దిగువన ఉంది.