కడుపు ఆపరేషన్ తర్వాత తగ్గని వికారం: జావ తాగాలా, మానాలా?

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, నరసరావుపేట)

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. ఏళ్ల తరబడి మానుతూ మళ్లీ తిరగబెడుతూ వచ్చిన అల్సర్ వల్ల కడుపు కింది ద్వారం మచ్చకట్టి మూసుకుపోవడంతో, 14 నెలల క్రితం కడుపు కింది భాగాన్ని తీసివేసి, మిగిలినదాన్ని చిన్నపేగుకు కలిపారు. కుట్లు బాగానే మానాయి. కానీ వికారం మాత్రం ఒక్క రోజు కూడా నన్ను వదిలిపెట్టలేదు. తెల్లవారుజామున లేవగానే నోరంతా చేదై, పచ్చని పసరు వాంతి అవుతుంది. మధ్యాహ్నం బడిలో భోజనం చేసిన పావుగంటకే గుండె దడదడలాడి, చెమటలు పట్టి, కడుపులో తిప్పుతుంది. అయిదో పీరియడ్‌లో బల్ల పట్టుకుని నిలబడి పాఠం చెబుతున్నాను. బరువు 61 కిలోల నుంచి 49కి పడిపోయింది.

ఎండోస్కోపీ చేసి అంతా బాగానే ఉందన్నారు. ఇంట్లోవాళ్లు నీరసం తగ్గుతుందని గ్లూకోజ్ నీళ్లు, పంచదార వేసిన జావ ఇస్తున్నారు. అవి తాగినా తిప్పుతోందంటే, మనసులో భయం పెట్టుకున్నావని అంటున్నారు. వికారం తగ్గడానికని మందుల షాపులో ఇచ్చిన డోంపెరిడోన్ మాత్రలు నాలుగు నెలలుగా వేసుకుంటున్నాను. ఇలాంటి స్థితి నుంచి బయటపడినవారు ఎవరైనా ఉంటే, ఏం చేశారో దయచేసి చెప్పండి.

జవాబు (విశ్రాంత స్టాఫ్ నర్సు, సర్జికల్ వార్డు)

అమ్మా, మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. ఇది మనసులో పుట్టిన జబ్బు కాదు. మీకు తెలియకుండానే వైద్యుడికి అవసరమైన ఆధారాలు రెండు మీ ప్రశ్నలోనే రాశారు. అవి వికారం వచ్చే వేళ, వాంతిలో కనిపించే పదార్థం.

భోజనం చేసిన పది నిమిషాల నుంచి అరగంటలోపు దడ, చెమట, వికారం కలిసి వస్తే, దాన్ని డంపింగ్ అంటారు. అన్నాన్ని కొంచెం కొంచెంగా కిందికి వదిలే ద్వారం ఇప్పుడు మీకు లేదు కనుక, ఆహారం ఒక్కసారిగా పేగులోకి జారిపోతుంది. తీపి ఎక్కువైతే పేగు తన చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాక్కుంటుంది, దానితో ఒంట్లో రక్తపు పరిమాణం తగ్గి గుండె వేగం పెరుగుతుంది. అందుకే మీవాళ్లు ప్రేమతో ఇస్తున్న ఆ గ్లూకోజ్ నీళ్లే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతూ ఉండవచ్చు. కొందరికి తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, కళ్లు తిరగడం కూడా వస్తాయి.

తెల్లవారుజామున వచ్చే పసరు వేరే సంగతి. పేగులోని పిత్తరసం మిగిలిన కడుపులోకి వెనక్కి వచ్చి, దాని లోపలి పొరను రేపుతుంది. ఎండోస్కోపీ రిపోర్టులో పైపైన బాగుందని ఉన్నా, పసరు నిలిచి ఉందా, ఆ పొర ఎర్రబడిందా అని ప్రత్యేకంగా అడగండి. ఇక మూడోది, ఉదయం తిన్న ఇడ్లీ సాయంత్రం వాంతిలో అలాగే కనబడితే, కడుపు కదలిక మందగించిందని అనుమానించాలి. ఆపరేషన్‌లో కడుపును కదిలించే వేగస్ నరం తెగినవారిలో ఇది జరుగుతుంది.

ఇప్పుడు మీ జావ సంగతి. కదలిక మందగించినవారికి పలుచని జావ మేలు చేస్తుంది, ఎందుకంటే ద్రవం సులువుగా కిందికి దిగుతుంది. డంపింగ్ ఉన్నవారికి మాత్రం అన్నంతో పాటు తాగిన జావ, నీళ్లు, మజ్జిగ అన్నీ ఆహారాన్ని మరింత వేగంగా తోసేస్తాయి. అందువల్ల ఎవరికో పనిచేసిన పథ్యాన్ని గుడ్డిగా పాటించకండి. రెండు వారాల పాటు ఏం తిన్నారో, ఎంతసేపటికి ఏమైందో ఒక నోట్‌బుక్‌లో రాసి, గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపించండి. అవసరమైతే ఆహారం కడుపు నుంచి దిగే వేగాన్ని కొలిచే స్కాన్ రాస్తారు. కొన్ని చోట్ల ఇడ్లీలోనే కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కలిపి పెట్టి, నాలుగు గంటల పాటు చిత్రాలు తీస్తారు. కడుపు పూర్తిగా ఉన్నవారిలో నాలుగో గంటకు ఆహారంలో 10 శాతం కంటే ఎక్కువ కడుపులోనే మిగిలితే, కిందికి దిగడం ఆలస్యమవుతోందని లెక్కిస్తారు. మీ విషయంలో ఆపరేషన్‌ను దృష్టిలో పెట్టుకుని చదవాలి.

మాత్రల గురించి కూడా చెప్పాలి. డోంపెరిడోన్ గుండె లయను మార్చగలదు కనుక ఈసీజీ లేకుండా నెలల తరబడి వేసుకోవడం మంచిది కాదు. ఇలాంటిదే మరో మందు మెటోక్లోప్రమైడ్‌తో నాలుక, ముఖం వాటంతటవే కదిలే జబ్బు రావచ్చు, అందుకే 12 వారాలు దాటించరు. పైగా డంపింగ్‌కు ఈ కదలిక పెంచే మందులు సరైనవి కావు. బి12, ఐరన్ నిల్వలు తప్పక చూపించుకోండి. ఎప్పుడైనా రోజుల తరబడి ఏదీ కడుపులో నిలవక, చూపు రెండుగా కనబడినా, నడక తూలినా, మాట తడబడినా, ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, గ్లూకోజ్ బాటిల్ పెట్టకముందే బి1 విటమిన్ లోపం ఉండవచ్చని చెప్పండి. వాంతిలో రక్తం గాని, కాఫీ పొడి వంటి నల్లని పదార్థం గాని వస్తే కూడా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

జవాబు (ఆరేళ్ల క్రితం కడుపు మొత్తం తీయించుకున్న వ్యక్తి, వరంగల్)

చెల్లెమ్మా, నాకు క్యాన్సర్ వల్ల కడుపు పూర్తిగా తీసేశారు. బి12 సూదిమందు జీవితాంతం తీసుకోవాలి. రోజుకు ఆరుసార్లు, చిన్న స్టీలు గిన్నె నిండా మాత్రమే తింటాను. ముందు గుడ్డో, పప్పో, పనీరో తిని, ఆ తర్వాత అన్నం రెండు ముద్దలు తీసుకుంటాను. నీళ్లు అరగంట తర్వాతే. రాత్రి మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టాక పసరు గొంతులోకి రావడం చాలా తగ్గింది. ములక్కాడ పిప్పి, బత్తాయి తొనల పొర మింగను, ఎందుకంటే కడుపు ఆపరేషన్ అయినవారిలో అలాంటి పీచు ఉండకట్టి దారికి అడ్డుపడుతుందని డాక్టరు గట్టిగా చెప్పారు.

నాకు అన్నింటికంటే కష్టమైనది పెళ్లి బంతి. వద్దన్న కొద్దీ వడ్డించేవాళ్లకు కోపం వస్తుంది. ఇప్పుడు కూర్చునే ముందే నా పరిస్థితి చెప్పేస్తున్నాను. మీరు కూడా బడిలో ప్రధానోపాధ్యాయులకు చెప్పి, పీరియడ్ల మధ్య రెండు ముద్దలు తినడానికి అనుమతి తీసుకోండి. అడగడానికి మొహమాటపడకండి.

జవాబు (గృహిణి, విజయనగరం)

మా అత్తగారికి ఇదే బాధ ఉంది. తాలింపులో ఇంగువ వేగగానే ఆవిడకు డోకు వచ్చేది. ఆవిడ ఉదయం గుడికి వెళ్లిన వేళలోనే తాలింపులన్నీ పెట్టేసి, కిటికీలు తీసి ఉంచుతున్నాను. వేడి అన్నం ఆవిరి కూడా పడదు కనుక, చల్లారాకనే వడ్డిస్తాను. వంటింటి నుంచి వచ్చే వాసన ఇంత పట్టి పీడిస్తుందని ఆవిడను చూసేదాకా నాకు తెలియదు.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. గ్లూకోజ్, పంచదార జావ మానిన నాలుగో రోజు నుంచే మధ్యాహ్నపు చెమటలు బాగా తగ్గాయి. నోట్‌బుక్ చూసి కొత్త డాక్టరుగారు పసరుకు విడిగా మందు రాశారు. బి12 తక్కువగా ఉందని తేలి సూదిమందు మొదలుపెట్టారు. ఉదయపు చేదు ఇంకా ఉంది. వచ్చే మంగళవారం ఇడ్లీ స్కాన్ పెట్టారు. ఇప్పటిదాకా వేసుకున్న డోంపెరిడోన్‌ను ఆరోజు కూడా వేసుకోవచ్చా?

జవాబు (విశ్రాంత స్టాఫ్ నర్సు)

వేసుకోకూడదమ్మా. కడుపు కదలికను మార్చే మందులను సాధారణంగా రెండు మూడు రోజుల ముందే ఆపిస్తారు. స్కాన్ చేసే విభాగానికి ఈరోజే ఫోన్ చేసి, మీరు వాడుతున్న మందులన్నీ చదివి వినిపించండి. ముందురోజు రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా వెళ్లండి. ఫలితం వచ్చాక ఇక్కడ రాయండి.