కోటిహార్యు సౌనాకి మొదటిసారి పోతున్న, ఏం తెల్సుకోవాలె?

అన్నలూ అక్కలూ, నేను ఫిన్లండ్‌ల హెల్సింకి వచ్చి నాలుగు నెలలైంది. మా టీమ్‌ల ఒక ఫిన్నిష్ ఆయన శనివారం సాయంత్రం కల్లియో పేటల ఉన్న కోటిహార్యు సౌనాకి (అంటే వేడి ఆవిర్ల కూర్చుని చెమట పట్టించుకునే గది) పోదాం రా అన్నడు. మా బిల్డింగ్‌ల ఉన్న సౌనా తలుపు కూడా నేను ఇప్పటిదాక తీయలే. బట్టల్లేకుండ కూర్చోవాలంట, నిజమేనా? టవల్ కట్టుకుంటే ఏమన్న అంటరా? రాను అంటే ఆయన బాధపడ్తడేమో. వేడి ఎంత ఉంటది, ఏం తీస్కపోవాలె, జర వివరంగ చెప్పున్రి.

జవాబు:
తమ్ముడూ, తప్పకుండా వెళ్ళు. ఇక్కడివాళ్ళు ఊరికే పిలవరు, ఒకాయన నిన్ను సౌనాకి రమ్మన్నాడంటే మనింట్లో పండక్కి భోజనానికి పిలిచినట్టే అనుకో.

కోటిహార్యు 1928 నాటిది, ఇప్పటికీ కట్టెలతోనే కాగుతుంది. కల్లియో అప్పట్లో కార్మికులుండే పేట, చిన్న చిన్న గదులు, ఇంట్లో స్నానాలగది ఉండేది కాదు, అందుకే వీధికో సౌనా ఉండేది, జనం వారానికోసారి ఒళ్ళు రుద్దుకోడానికి అక్కడికే వచ్చేవాళ్ళు. అంటే అది ముందు స్నానాలగది, తర్వాతే మిగతావన్నీ. ఈ ఒక్క మాట బుర్రలో పెట్టుకుంటే బట్టల సంగతి సగం తేలిపోతుంది. మగవాళ్ళకి ఆడవాళ్ళకి వేరువేరు. లోపల ఎవరూ ఏమీ వేసుకోరు, స్విమ్‌సూట్ అసలొద్దు. టవల్ చుట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు, కానీ తడిసి బరువెక్కి నీకే చిరాకు పుడుతుంది. నిన్నెవరూ చూడరు, నిజంగా చూడరు, నాకు మొదటిసారి రెండు నిమిషాలు గుండె దడదడలాడింది, మూడో నిమిషానికి మర్చిపోయా. ఒక చిన్న గుడ్డో పేపరో కింద వేసుకుని దాని మీదే కూర్చోవాలి, అది మాత్రం తప్పనిసరి.

వరస ఇలా ఉంటుంది. బట్టలు, ఫోన్ లాకర్లో పెట్టెయ్ (ఫోటోల ఊసే ఎత్తొద్దు), సబ్బుతో శుభ్రంగా స్నానం చెయ్, అప్పుడు లోపలికి వెళ్ళు. తలకి కొబ్బరినూనె రాసుకుని మాత్రం వెళ్ళొద్దు, లోపల కూర్చునే మెట్లన్నీ జిడ్డవుతాయి, ఎవరైనా జారతారు. వేడి 80 నుంచి 100 డిగ్రీల దాకా ఉంటుంది, పొడివేడి కాబట్టి తట్టుకోగలం. పైమెట్టు మీదే అసలు వేడంతా, నువ్వు మొదట కిందమెట్టు మీద కూర్చో.

తర్వాత ఎవరో ఒకరు రాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. రాళ్ళున్న పొయ్యిని కియువాస్ అంటారు, లేచే ఆవిరిని లోయ్‌ల్యు అంటారు. ఆ మాటకి పాతకాలంలో ఊపిరి, ప్రాణం అని అర్థం, నాకెంతో ఇష్టమైన మాట. నీళ్ళు పడగానే ఏమీ తెలీదు, ఒకట్రెండు క్షణాలు ఆగి చెవుల అంచుల మీదికి, భుజాల మీదికి దిగుతుంది చూడు, సూదులతో గుచ్చినట్టు ఉంటుంది. ఆవిరి మన చర్మం మీద నీళ్ళయ్యేటప్పుడు వేడి వదులుతుంది, అందుకే అంత చురుకు. తల దించుకుని, అరచెయ్యి ముక్కు దగ్గర అడ్డం పెట్టుకుని మెల్లగా ఊపిరి తీసుకో, తగ్గిపోతుంది. నువ్వు నీళ్ళు పోయాలనుకుంటే పక్కవాళ్ళని అడిగి పొయ్.

పది నిమిషాలు కూడా ఉండక్కర్లేదు, తల తిరిగినట్టున్నా, గుండె గట్టిగా కొట్టుకున్నా అప్పుడే లేచి రా, మొహమాటపడి కూర్చోవద్దు, ఎవరు ఎంతసేపు ఉన్నారని అక్కడ లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. బయటికొచ్చి టవల్ చుట్టుకుని వీధి పక్కన కూర్చుంటారు, చలికాలంలో కూడా. మంచినీళ్ళు తాగి మళ్ళీ లోపలికి. బిర్యానీ తినేసి వెళ్ళొద్దు, అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.

ఇంకొకరు:
ఒక ముఖ్యమైనది, వెండి మొలతాడు ఉంటే తీసెయ్ బ్రో. లోపల అది వేడెక్కి నడుము చుట్టూ ఎర్రగా గీత పడింది నాకు, రెండ్రోజులు బెల్ట్ పెట్టుకోలేకపోయా. నల్లతాడు అయితే పర్లేదు.

ఇంకొక ప్రశ్న:
అన్నయ్యగారూ, మరి ఆడవాళ్ళం మంగళసూత్రం ఏం చెయ్యాలండి? నాకు తీయడం ఇష్టం ఉండదు. మావారితో కలిసి వెళ్ళే చోటు ఏదైనా ఉందా?

జవాబు (ఒక అక్క):
చెల్లీ, నేను పసుపుతాడు మీదకి సూత్రాలు మార్చుకుని వెళ్తా, గొలుసు ఇంట్లోనే. సూత్రాలు కూడా బంగారమే కదా, అవీ వేడెక్కుతాయి, అందుకే తడి చేతిరుమాల్లో పట్టుకుని కూర్చుంటా. గాజులు, చెవిదిద్దులు, కళ్ళజోడు తీసెయ్. కలిసి వెళ్ళాలంటే హెల్సింకి సముద్రం ఒడ్డున లోయ్‌ల్యు అనే పేరుతోనే ఒకటుంది, 2016లో కట్టారు, అక్కడ అందరూ కలిసే, స్విమ్‌సూట్ తప్పనిసరి. సముద్రంలో దిగొచ్చు. కానీ పాత సౌనా వేరమ్మా, ఒక్కసారైనా ఆడవాళ్ళ వైపు కూర్చుని చూడు, డెబ్బైయేళ్ళ పెద్దావిడ నా వీపు మీద బర్చ్ చెట్టు కొమ్మల కట్టతో మెల్లగా తట్టింది, ఆ కట్టని విహ్తా అంటారు, తడిసిన ఆకు వాసన మా ఊళ్ళో వాన పడ్డాక వేపచెట్టు కింద వచ్చే వాసనలా అనిపించింది, ఆవిడకి ఇంగ్లీష్ రాదు నాకు ఫిన్నిష్ రాదు, అయినా మనసు నిండిపోయింది.

అడిగిన తమ్ముడు, ఆదివారం:
పొయ్యొచ్చిన అన్నా! మొలతాడు సంగతి చెప్పినందుకు చాన థ్యాంక్స్, నాదీ వెండిదే. మూడుసార్లు లోపలికి పోయిన, కిందమెట్టు మీదనే. బయట కూర్చుంటే ఒంటి మీదకెళ్ళి పొగలు లేస్తున్నయ్, మైనస్‌ల ఉన్నా చలి తెల్వలే. ఆఫీసుల రోజుకు రెండు మాటలు మాట్లాడే మనిషి, వాళ్ళ నాయిన చిన్నప్పుడు ఎట్ల తీస్కపోయేటోడో అరగంట చెప్పిండు. వచ్చే నెల తాంపెరె ఊరికి పోదాం అంటుండు, అక్కడ రాయాపోర్తి అని ఒక సౌనా ఉందంట, మంచిగుంటదా?

జవాబు:
వెళ్ళు తమ్ముడూ! 1906 నాటిది, దేశంలో ఇప్పటికీ నడుస్తున్న పబ్లిక్ సౌనాల్లో అన్నిటికన్నా పాతది, పిస్పల కొండ దగ్గర. రైల్లో రెండు గంటల లోపే. ఆడా మగా లోపల వేరు, పెరట్లో అందరూ కలిసి కూర్చుంటారు. అన్ని రోజులూ తెరవరు, టైములు చూసుకుని టికెట్ బుక్ చేసుకో. టవల్స్ రెండు పెట్టుకో, ఒకటి కూర్చోడానికి, ఒకటి తుడుచుకోడానికి.