బీటా బ్లాకర్లకు ఎస్‌డీఎస్ వాడాలా, వద్దా?

హన్మకొండ_ఎంఫార్మ్: గుండె మందులు అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ మూడింటినీ హెచ్‌పీఎల్‌సీ (మందుల మిశ్రమాన్ని ద్రావణంతో కాలమ్ గుండా నెట్టి విడదీసే యంత్రం) మీద, యూవీ కాంతి డిటెక్టర్‌తో ఒకే రన్‌లో విడదీయాలి. సీ18 కాలమ్ (నూనెలాంటి పొర అతికించిన సిలికా నింపిన గొట్టం) మీద అసిటోనైట్రైల్, ఫాస్ఫేట్ బఫర్‌తో నడిపితే అటెనొలాల్ మొదట్లోనే కొట్టుకొచ్చేస్తోంది, ప్రొప్రనొలాల్ పీక్ ఆలస్యంగా తోక లాక్కుంటూ వస్తోంది. మా సార్ ఎస్‌డీఎస్ (సోడియం డోడెసిల్ సల్ఫేట్, సబ్బులాంటి డిటర్జెంట్) కలిపి చూడమన్నారు. చేసినవాళ్లు చెప్పండి.

కాలమ్_కాపలా: వద్దు తమ్మీ. ఎస్‌డీఎస్ ఒకసారి సీ18 మీద పట్టిందంటే పూర్తిగా వదలదు. నేను చదివేటప్పుడు ఒక సీనియర్ ఇట్లనే నడిపి, ఎవరికీ చెప్పకుండా కాలమ్‌ను డబ్బాలో పెట్టి పోయిండు. ఆ తర్వాత నా రిటెన్షన్ టైమ్‌లన్నీ (మందు కాలమ్ దాటి బయటికొచ్చే సమయాలు) జరిగిపోయాయి. వాలిడేషన్ మొత్తం మళ్లీ చేశాను.

మైసెల్_అన్న: పట్టుకోవడమే దాని పని! ఇవన్నీ క్షార మందులు, పీకేఏ (ఏ పీహెచ్ దగ్గర సగం అణువులు ఆవేశంతో ఉంటాయో చెప్పే అంకె) 9.5 దగ్గర. ఆమ్ల బఫర్‌లో ధనావేశంతో ఉండి సిలికా మీది సిలనాల్స్‌కు (పొర కప్పకుండా మిగిలిన Si-OH గుంపులు) అతుక్కుంటాయి, తోక అందుకే. ఎస్‌డీఎస్ పొరలా కూర్చుని సిలనాల్స్‌ను కప్పేస్తుంది. దాని రుణావేశం అటెనొలాల్‌ను పట్టి ఆపుతుంది. 8 మిల్లీమోలార్ దాటితే అణువులు గుంపుకట్టి మైసెల్స్ అవుతాయి, అవి మందును కాలమ్ నుంచి బయటికి లాగుతాయి. 10–15 శాతం ప్రొపనాల్ కలుపు, పీక్ సన్నబడుతుంది. 1980లో ఆర్మ్‌స్ట్రాంగ్, హెన్రీ మొదలుపెట్టిన పద్ధతి ఇది, కొత్తదేం కాదు.

నైట్‌షిఫ్ట్_క్యూసీ: పొటాషియం ఫాస్ఫేట్ మాత్రం వద్దు. తెల్లగా విరిగి లైన్లు మూసుకుపోతాయి. సోడియం బఫరే వాడు. డిసెంబర్ చలికి పొద్దున సీసా అడుగున స్ఫటికాలు కనిపిస్తే పంప్ ఆన్ చేయకు.

కాలమ్_కాపలా: రేపు ఎల్‌సీ-ఎంఎస్‌కు (యూవీకి బదులు అణువుల బరువును బట్టి గుర్తించే యంత్రం) మారాలంటే? ఎస్‌డీఎస్ సిగ్నల్‌ను అణిచేస్తుంది.

మైసెల్_అన్న: తమ్ముడు అడిగింది యూవీ గురించి. ప్లాస్మా శాంపిల్‌ను కూడా ప్రొటీన్ తీయకుండా నేరుగా ఎక్కించొచ్చు, ఎస్‌డీఎస్ కరిగించి ఉంచుతుంది. మీకు సీనియర్ మీద కోపముంటే పద్ధతినెందుకు తిడతారు?

కాలమ్_కాపలా: కెమిస్ట్రీ తప్పని నేనెప్పుడన్నా? మా ల్యాబ్‌లో ఐదుగురికీ ఒకటే కాలమ్ అన్నా. ఒకరు పాడుచేస్తే మిగతా నలుగురి థీసిస్ ఆగుతుంది. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు. సొంత కాలమ్ ఉన్నవాళ్లు ఎన్నైనా చెప్తారు.

మైసెల్_అన్న: సొంత కాలమా? ఫెలోషిప్ రాక, అసిటోనైట్రైల్ కొనలేక నేను ఎస్‌డీఎస్ పట్టుకున్నాను. పొడి డబ్బా ఒక్కటి నెలల తరబడి వచ్చింది. దాంతోనే పీహెచ్‌డీ గట్టెక్కింది. అది కూడా వద్దంటే మాలాంటోళ్లు ఏంతో పని చేయాలి?

హన్మకొండ_ఎంఫార్మ్: మా దగ్గర పక్కన పెట్టేసిన పాత సీ18 ఒకటుంది. దాన్నిమ్మని సార్‌ను అడుగుతా.

కాలమ్_కాపలా: అదైతే నడుపు. డబ్బా మీద ‘ఎస్‌డీఎస్‌కే’ అని పెద్దగా రాసి, రిజిస్టర్‌లో ఎక్కించు. పని అయ్యాక ముందు నీళ్లు, తర్వాతే మిథనాల్ పంపు.

మైసెల్_అన్న: నీళ్లు బాగా వెచ్చబెట్టి పంపు.

కాలమ్_కాపలా: గోరువెచ్చగా చాలు. పాత కాలమ్ అది.