1 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి లినక్స్ వేసి ఇస్తే ఎవరికైనా పనికొస్తుందా?

వెన్నెల_కె
మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్ ఖాళీగా పడి ఉంది. 1 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, 32 బిట్ విండోస్. డిగ్రీ చదువుతున్న మా పెద్దమ్మ మనవరాలికి ఇద్దామని ఉంది. ఆన్‌లైన్ క్లాసులు, కాస్త టైపింగ్, అంతే. విండోస్ తీసేసి ఏ లినక్స్ వేయమంటారు?

కర్నల్_కిట్టు
పాత మెషిన్ల కోసమే చేసిన తేలిక లినక్స్ యాంటీఎక్స్ వేసేయండి. నా దగ్గర డెస్క్‌టాప్ వచ్చాక కూడా ర్యామ్ వాడకం 200 ఎంబీ దాటదు. పప్పీ అనే ఇంకో చిన్న లినక్స్ అయితే మొత్తం ర్యామ్‌లోకే ఎక్కి నడుస్తుంది, డిస్క్ నెమ్మదైనా పట్టించుకోదు. విండోస్ 11కి 4 జీబీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలని షరతు పెట్టి ఎన్ని మంచి మెషిన్లను తుక్కు కింద కట్టారో! మనమూ ఆ దారినే పోవాలా?

సగం_లోడ్
200 ఎంబీ ఖాళీ డెస్క్‌టాప్‌కి. బ్రౌజర్ తెరిచాక ఎంతో చెప్పండి.

చుక్క_కామా
విండోస్ 32 బిట్ (పాత రకం) అయితే ప్రాసెసరూ 32 బిట్టే అనుకోవద్దు, 64 బిట్ కూడా కావచ్చు. లినక్స్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి చూడండి.

కర్నల్_కిట్టు
@సగం_లోడ్ జెడ్‌ర్యామ్ అని ఒకటుంది, తెలిసే ఉంటుంది. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌లా, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడే అదనపు చోటులా వాడుతుంది. ఫెడోరా అనే లినక్స్ 2020 నుంచి దాన్ని ఆన్ చేసే ఇస్తోంది. దానికి తోడు యాడ్ బ్లాకర్ పెట్టి, రెండు మూడు ట్యాబ్‌లకు మించకుండా చూసుకుంటే చాలు. నేను వాడుతున్నా కాబట్టే చెబుతున్నా. 200 ఎంబీ అన్నది గాల్లో లెక్క కాదు.

సగం_లోడ్
మళ్లీ ఆ 200 ఎంబీయేనా! కుదించే పని చేయాల్సింది ఆ ముసలి ప్రాసెసరే కదండీ. లైవ్ క్లాసు వీడియో డీకోడ్ చేయాల్సిందీ అదే. పైగా 32 బిట్‌ని అందరూ వదిలేస్తున్నారు. లినక్స్‌లో క్రోమ్ 2016లోనే, ఉబుంటు డెస్క్‌టాప్ 17.10 వెర్షన్‌తో ఆపేశాయి. ఎన్నో లినక్స్‌లకు ఆధారమైన డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 145వ వెర్షన్ నుంచి ఇవ్వడం లేదు.

కర్నల్_కిట్టు
యాంటీఎక్స్ 23 డెబియన్ 12 మీద కట్టింది. 32 బిట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) ఉంది. ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ 140 ఉంది. తెలియకపోతే తెలియదనండి, జనాన్ని భయపెట్టడం దేనికి?

సగం_లోడ్
తెలియకనా? మా అన్నయ్య నాకు అచ్చం ఇలాంటిదే ఇచ్చాడు. దరఖాస్తు ఫారం సగం నింపేసరికి డిస్క్ లైటు ఆరదు, మౌస్ కదలదు, చివరికి బ్రౌజర్ దానంతటదే పోయింది. ఫోన్ చేస్తే "టెర్మినల్ తెరువు", కమాండ్లు కొట్టు అన్నాడు. నాకు ఫారం కావాలి, టెర్మినల్ ఎందుకు? ఇంట్లో మాత్రం "కంప్యూటర్ ఇచ్చాం కదా" అన్న మాటే మిగిలింది. అది ఉందన్న కారణానికే కొత్తది కొనలేదు.

కర్నల్_కిట్టు
మీ అన్నయ్య నేర్పలేదు, అది లినక్స్ తప్పా? నేను అలాంటి డొక్కు మీదే అన్నీ నేర్చుకున్నా. నాకది తప్ప ఇంకో దారి లేదు.

సగం_లోడ్
మీకు ఇష్టమై నేర్చుకున్నారు. ఆ పిల్ల ఏం చదువుతోందో కూడా ఇక్కడ ఎవరూ అడగలేదు. తుక్కును కాపాడాలన్నది మీ సరదా, దాని బరువు మోయాల్సింది ఆమె. నా గొడవ లినక్స్‌తో కాదు.

కర్నల్_కిట్టు
అంటే కొనలేనివాళ్లు ఏదీ లేకుండా కూర్చోవాలా? మీకు కొత్తది ఆగిపోయింది. కొత్తది వచ్చే ఆశే లేని ఇళ్లూ ఉంటాయి.

చుక్క_కామా
ఎల్‌ఎస్‌సీపీయూ చూశారా అండీ?

వెన్నెల_కె
చూశాను, 32 బిట్ మాత్రమే. అమ్మాయితోనూ మాట్లాడాను. బీకాం. క్లాసులు ఫోన్‌లోనే వింటుందట, అసైన్‌మెంట్లు టైప్ చేయడానికి మాత్రం కీబోర్డు కావాలంది. నెట్ పెట్టకుండా ఇస్తే సరిపోతుందా?

సగం_లోడ్
అలాగైతే ఇవ్వండి. పాడైతే ఎవరు చూస్తారో ముందే చెప్పి ఇవ్వండి.

కర్నల్_కిట్టు
టైపింగ్‌కి అబీవర్డ్, లెక్కల షీట్లకు గ్న్యూమెరిక్ వేయండి, లిబ్రే ఆఫీస్ దీనికి బరువు. నెట్ లేకపోతే అసలు సమస్యే లేదు. ఇప్పుడే నా దాంట్లో చూశా, 184 ఎంబీ.