సమస్యాపూరణం: పీత పువ్వెక్కి తుమ్మెదఁ బీల్చి వేసె

నిర్వాహకుడు, శ్రీకాకుళం:
ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి.
"పీత పువ్వెక్కి తుమ్మెదఁ బీల్చి వేసె"
కళింగపట్నం ఒడ్డున ఇసుకలో తిరిగే పీతకు పువ్వుతో పనేమిటి అనకండి. పీతలా పక్కకు నడిచే పీత సాలీడును చూసినవాళ్ళకు దారి దొరుకుతుంది. గణాలూ, యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) ఎలాగూ చూస్తాను, జీవి వివరం కూడా సరిగ్గా ఉండాలి.

ఉద్దానం మాస్టారు:
వలను పన్నదు పూరేకు వలెనె దాగు
ముందు కాళ్ళను చాచుచు మూగవోవు
సాలె పురుగుకు పేరయ్యె జనులలోన
పీత, పువ్వెక్కి తుమ్మెదఁ బీల్చి వేసె
మునగపూతలో చూశానండీ. రేకు కదిలిందనుకున్నాను, తీరా చూస్తే కాలు! తుమ్మెద తనకన్నా పెద్దదే, అయినా తల వెనక పట్టిన పట్టు వదల్లేదు.

నిర్వాహకుడు:
మాస్టారూ, "పీత" దగ్గర విరుపు చాలా బాగుంది. సా-జ యతి చెల్లింది. "పీల్చి" అన్నది అక్షరాలా నిజం. ఈ సాలీడు నమలదు, కాటు వేసిన కంతల్లోంచి రసం లాగేసి డొల్ల వదిలేస్తుంది.

బొబ్బిలి వీణ:
గోడపై రేయి బొద్దింక గుట్టు తెలిసి
పరుగులెత్తెడి పెనుసాలె పగలు తోట
చేరి వేషము మార్చెడి చిత్రమైన
పీత పువ్వెక్కి తుమ్మెదఁ బీల్చి వేసె

నిర్వాహకుడు:
వీణ గారూ, ఛందస్సులో వంక పెట్టడానికి లేదు. అభ్యంతరమల్లా జీవి దగ్గరే. గోడల మీద బొద్దింకల్ని తరిమేది స్పారాసిడే కుటుంబం. కాళ్ళు పక్కలకు పరుచుకుంటాయని దాన్నీ పీత సాలీడనేవాళ్ళున్నారు. అసలు పీత సాలీళ్ళు థోమిసిడే కుటుంబానివి. 1833లో స్వీడన్ శాస్త్రవేత్త సుండెవాల్ ఏర్పరిచిన ఈ కుటుంబంలో ఇప్పుడు సుమారు 170 ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు), 2,100కు పైగా జాతులు ఉన్నాయి. ముందు రెండు జతల కాళ్ళు పొడుగ్గా, బలంగా ఉంటాయి, వెనక రెండు జతలు పొట్టి. అదే గుర్తు. ఫిలోడ్రోమిడే అనే సాలీళ్ళ కుటుంబం కూడా ఒకప్పుడు ఇందులోదే. వాటి కాళ్ళు ఇంచుమించు సమానం, పరుగు కూడా ఎక్కువ, అందుకని వేరుచేశారు. కాబట్టి మీ "పరుగులెత్తెడి" పీత సాలీడుకు అస్సలు నప్పదు. మార్చి పంపండి, పద్యం వదిలేయొద్దు.

నాగావళి కుర్రాడు:
తెల్ల పూవున తెలుపునై పసుపు పూవు
పైన పసుపునై క్షణములో భంగి మార్చు
కనుల కందని యెనిమిది కాళ్ళ వింత
పీత పువ్వెక్కి తుమ్మెదఁ బీల్చి వేసె

నిర్వాహకుడు:
తమ్ముడూ, మూడో పాదం బంగారం! నీటి పీతకు పట్టుకునే పెద్ద కాళ్ళతో కలిపి పది. ఎనిమిది అనగానే సాలీడని తెలిసిపోయింది. మొదటి పాదంలో తె-ప యతి తప్పింది. "క్షణములో" కూడా కుదరదు. రంగు మార్పుకు పేరుపడ్డ మిసుమెనా వాటియాకే తెలుపు నుంచి పసుపుకు మారడానికి రోజులు పడుతుంది. అది ఐరోపా, ఉత్తర అమెరికా వైపుది. మన పూల మీద థోమిసస్ ప్రజాతి కోసం వెతకండి. ఇలా దిద్దితే రెండు తప్పులూ పోతాయి:
పసుపు పూవున పసుపునై, పాలవంటి
తెల్ల పూవున తెలుపునై తెలియరాని

ఉద్దానం మాస్టారు:
పూల మీదే ఉంటాయా ఇవి?

నిర్వాహకుడు:
లేదండీ. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి, తలా ఒక చోటు. జిస్టికస్ ప్రజాతి‌వి ఎక్కువగా చలిదేశాల్లో నేల మీద, బెరడు మీద తిరుగుతాయి. భారత్ నుంచి చైనా దాకా ఉండే అమిసియా ఫోర్టిసెప్స్ అయితే ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమ రూపంలో ఉండి ఆ చీమల్నే తింటుంది. మీ జీడితోటలో చీమల దగ్గర ఒకటి తేడాగా కనిపిస్తే ఆగి కాళ్ళు లెక్కపెట్టండి.

బొబ్బిలి వీణ:
మొదటి రెండు పాదాలు మార్చానండీ. మిగతావి ఉంచవచ్చా?
తోట పూవున నుదయాన తొంగి చూచి
పరుగులెత్తక పక్కగా పాకి పాకి

నిర్వాహకుడు:
ఉంచండమ్మా. పక్క నడక వచ్చింది, ఇప్పుడది థోమిసిడేయే.